విన్న ఇళ్లు

"చెల్లెమ్మా, మీ తమ్ముడుగారు మైకులో చెప్తుంటే మా షాపు దాకా వినిపించింది. నమ్మినవాళ్లంతా ఒక్కసారిగా పైకి ఎత్తబడతారట కదా?"

"కాలు కదపకు."

"నా సంగతి తెలీదు గానీ, ఈ కాలు మాత్రం నాకంటే ముందే వెళ్లిపోయేలా ఉంది. దానికి నాకన్నా భక్తి ఎక్కువ."

బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు పకపకా నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. నవ్వితే చేతిలో కత్తెర కదులుతుంది. చర్చి వెనక గదిలో, కిటికీ పక్కన, పొట్టి స్టూలు మీద కూర్చుని, పంక్చర్ షాపాయన కాలిని ఒడిలో పరిచిన రబ్బరు గుడ్డ మీద పెట్టుకుని, బొటనవేలి కింద బొత్తామంత పుండు చుట్టూ తెల్లబడిన చర్మాన్ని కొంచెం కొంచెంగా కత్తిరిస్తోంది. తీసిన ముక్కల్ని వంపు పళ్లెంలో వేస్తోంది. తర్వాత సెలైన్ పోసి కడిగి, వేలితో పుండు చుట్టూ నొక్కింది.

"నొప్పుందా?"

"అస్సలు లేదు."

ఆ జవాబు ఆమెకి నచ్చలేదు. నొప్పి తెలిసే కాలిని నమ్మొచ్చు. చక్కెర జబ్బు తిన్న కాలు మొహమాటస్తుడి లాంటిది, ఎప్పుడడిగినా అంతా బాగుందనే అంటుంది.

"బుధవారం రా అన్నయ్యా. ఈలోగా ఎరుపు పైకి పాకినా, చలి పుట్టినా, బుధవారం దాకా చూడకు. ఆ గంటే రా."

"ఈ ఎండల్లో చలి పుడితే అంతకంటేనా! పిలిచి కూర్చోబెట్టుకుంటా."

వెళ్తూ వెళ్తూ సంచీలోంచి పాత టైరు రబ్బరుతో చేసిన చెప్పుల జత తీసి బెంచీ మీద ఆవిడకిచ్చాడు. ఆవిడకి పుండు మడమ దగ్గర. రబ్బరులో సరిగ్గా అక్కడే గుండ్రటి కంత కోశాడు, బరువు పుండు మీద పడకుండా. గదికొచ్చే వాళ్లందరి పుళ్లూ ఎక్కడెక్కడున్నాయో నర్సమ్మ తర్వాత ఆయనకే తెలుసు.

అప్పుడు గుమ్మంలో తమ్ముడు నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చంకలో ఫైలు. ఆ చర్చికి పాస్టరు ఆయన. చర్చి ఆవరణలో ఆయన అయ్యగారు, ఆమె సిస్టర్. ఇద్దరూ ఆ హద్దు దాటరు.

"సిస్టర్, ఒక్క నిమిషం బయటికి వస్తారా?"

"చేతులు ఖాళీగా లేవు అయ్యగారూ. అక్కడి నుంచే చెప్పండి."

ఆయన బెంచీ వైపు చూశాడు. చెప్పడానికి వచ్చిన మాట అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. ఎనభై పెట్టెల కరపత్రాలు వస్తున్నాయి. వాన తగలని గది ఇదొక్కటే. శుక్రవారానికల్లా ఖాళీ చెయ్యాలి. పెద్దలు కూర్చుని నిర్ణయించారు.

"మరి ఈ కాళ్లు?"

"పెద్దాసుపత్రి ఉంది కదండీ."

"ఉంది. రెండు బస్సులు మారాలి. ఒంటి కాలి మీద."

"కాలం తక్కువుంది సిస్టర్. ఖాళీ చేసి వెళ్లిపోయే ఇంటికి సున్నం వేస్తూ కూర్చోలేం."

కొత్త చెప్పులు ఒళ్లో పెట్టుకున్న ఆవిడ తల వంచి తన మడమ వైపు చూసుకుంది. సున్నం మాట తన గురించేనని ఆవిడకి అర్థమైనట్టుంది.

ప్రార్థన హాల్లో గోడకి దుప్పటంత పటం వేలాడుతోంది. ఊళ్లోని ప్రతి ఇల్లూ అందులో ఒక చిన్న గడి. జట్లుగా ఇంటింటికీ వెళ్లి ప్రభువు రాకడ వర్తమానం చదువుతారు. ఇంట్లో ఒక్కరు విన్నా చాలు, గడి మీద ఆకుపచ్చ బొట్టు పడుతుంది. అది విన్న ఇల్లు. అక్కడికక్కడే ఎవరైనా నమ్మితే బంగారు నక్షత్రం. విన్న ఇంటికి మళ్లీ వెళ్లకూడదు. వెళ్తే వినని ఇల్లు వెనకబడుతుంది, దాంతోపాటు ప్రభువు రావడమూ వెనకబడుతుంది. చివరి గడి మీద బొట్టు పడిన రోజున ఎదురుచూపు తీరిపోతుంది.

నర్సమ్మ దాన్ని వెక్కిరించే మనిషి కాదు. రెండు వీధులకి బొట్లు తనే అతికించింది. రాకడ అనే మాట వింటే ఇప్పటికీ ఆమెకి భయమే. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఇంట్లో ఎవరూ కనిపించకపోతే, అందరూ ఎత్తబడిపోయారనీ తనొక్కతే విడువబడిందనీ గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చిన పిల్ల. కానీ ఒడిలో ఒక కాలున్నంతసేపూ ఆ భయం దగ్గరికి రాదు. అది ప్రేమో, భయం నుంచి దాక్కోవడమో, ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లింది. వంటింట్లో నిలబడే తింటున్నాడు. బల్ల మీద పళ్లెం పెట్టుకోడానికి చోటు లేదు, అంతా వీధుల జాబితాలు. మరదలు పోయి పద్నాలుగు నెలలు. ఊరి పటం హాలు గోడకెక్కి పదమూడు.

"కూర్చుని తినరా."

"టైం లేదక్కా. ఏడింటికి జట్లతో మీటింగు."

"ఆ గది ఎందుకురా? మా ఇంటి ముందు గది ఇస్తాను, పెట్టెలు అక్కడ పెట్టుకో."

ఆయన నములుతూ ఆగాడు. "పెట్టెల గురించి కాదక్కా. ఆ గది ఉన్నన్నాళ్లూ జనం చర్చి అంటే కట్టు కట్టే చోటనుకుంటారు. వస్తారు, కట్టించుకుంటారు, వెళ్లిపోతారు. ఇరవై ఏళ్లలో ఎంతమంది నమ్మారు? ఆ పంక్చర్ షాపాయన నీ చేతుల్లో మూడేళ్లుగా ఉన్నాడు. ఈరోజుకీ వెక్కిరింతే."

"ఆయన పుండు మానడానికి వస్తున్నాడు. నమ్మడానికి కాదు."

"అదే నేననేది."

ఆమె పళ్లెం అందుకుని కడిగింది. కడుగుతుంటే తన కోపం ఎవరి గురించో తనకే అనుమానమొచ్చింది. కాళ్ల గురించా, స్టూలు గురించా? ఆ గదిలో అందరూ తన మాట కోసం ఎదురుచూస్తారు. ఇంకెక్కడా ఎవరూ చూడరు. అది పోతుందని కదూ ఈ మంట? ఆ ప్రశ్నని కూడా పళ్లెంతో పాటు బోర్లించి వచ్చేసింది.

బుధవారం పంక్చర్ షాపాయన రాలేదు.

పదింటికి చూసింది, పదకొండింటికి చూసింది. మిగతావాళ్ల కట్లు అయిపోయాయి. వెళ్లి చూద్దామా అనుకుంది. కానీ సీసాలు సర్దాలి. ఇరవై ఏళ్ల సీసాలు. ఒక్కొక్కదాన్నీ తుడిచి, మూత బిగించి, కాగితం చుట్టి, కావాలని చప్పుడయ్యేలా పెట్టెలో పెట్టింది, పక్కనే ఆఫీసు గదిలో ఉన్న తమ్ముడికి వినిపించాలని. అలా మధ్యాహ్నం గడిచిపోయింది.

ఆరింటికి హాల్లో ప్రార్థన కూటం. రోజూ తిరిగి వచ్చిన జట్లు అక్కడే సాక్ష్యం చెప్తాయి. ఆవేళ లేచింది టీచరు. బళ్లో చిన్న తరగతులకి పాఠం చెప్పే పిల్ల, గొంతు ఖంగుమంటుంది, మూడు వీధుల జట్టుకి నాయకురాలు. ఆమె మొహం వెలిగిపోతోంది.

"అందరికీ వందనాలు. ఈరోజు పంక్చర్ షాపు ఆయన గదికి వెళ్లాం. ఆయన సంగతి మీకందరికీ తెలుసు."

హాల్లో నవ్వులు.

"తలుపు తీసే ఉంది. మంచం మీద పడుకుని ఉన్నారు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఒక్క మాటా అనలేదు. నేను వర్తమానం చదవడం మొదలుపెట్టాను. రెండో పేరాకి వచ్చేసరికి ఆయన వణకడం మొదలుపెట్టారు. మామూలు వణుకు కాదు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి, మంచం కదిలిపోయింది. ఆత్మ ఆయన్ని అలా కుదిపేస్తుంటే మాకు కన్నీళ్లు ఆగలేదు. 'నమ్ముతున్నారా?' అనడిగాను. 'ఊఁ' అన్నారు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ 'ఊఁ' అన్నారు!"

స్తోత్రం, స్తోత్రం అని హాలు మార్మోగింది. తమ్ముడు కళ్లు తుడుచుకుని పటం దగ్గరికి వెళ్లి, పంక్చర్ షాపు మేడ మీద గడి వెతికి, బంగారు నక్షత్రం అతికించాడు.

నర్సమ్మ లేచి నిలబడింది.

"దుప్పటి కప్పుకున్నాడా?"

టీచరు ఇంకా నవ్వుతూనే ఉంది. "ఏంటక్కా?"

"ఆయన. ఈ ఎండలో దుప్పటి కప్పుకుని ఉన్నాడా?"

"రెండు కప్పుకున్నారు."

"ఎన్నింటికి వెళ్లారు?"

"పదకొండున్నరకి."

"వణుకు ఆగాక చెమట పట్టిందా? మొహం ఏ రంగులో ఉంది?"

"తెలీదక్కా. బొట్టు పెట్టాల్సిన ఇల్లు ఇంకా పక్కన ఉంటే వెళ్లిపోయాం."

"సిస్టర్," తమ్ముడు చెయ్యెత్తాడు, "సాక్ష్యం మధ్యలో..."

"అది సాక్ష్యం కాదు తమ్ముడూ. జ్వరం."

చర్చిలో ఆయన్ని ఆ పిలుపుతో పిలవడం అదే మొదటిసారి. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది. ఆమె అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేసింది.

పంక్చర్ షాపు మెట్ల మీదే వాసన తగిలింది. ఆయన మీది దుప్పట్లు లాగింది. పాదం ఉబ్బి నున్నగా మెరుస్తోంది, బొటనవేలు నల్లబడింది, పిక్క మీదుగా ఎర్రటి గీత ఒకటి పైకి ఎగబాకుతోంది. నుదురు పెనంలా ఉంది.

"చెల్లెమ్మా," అన్నాడు, కళ్లు సగమే తెరిచి. "ఎవరో అమ్మాయి వచ్చింది. నీళ్లడిగాను. కాగితం చదివి వెళ్లింది."

కింద ఇస్త్రీ చేసే అతన్ని కేకేసింది. ఇద్దరూ కలిసి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటితో కుర్చీకి కట్టి, మెట్టు మెట్టుకీ దించారు. బట్టల మూటలు వేసుకునే వ్యానులో వెనక పడుకోబెట్టారు. పెద్దాసుపత్రి దారి పొడవునా ఆమె గుడ్డ ముంచి పెదాలు తడుపుతూనే ఉంది.

మర్నాడు పొద్దున డాక్టరు బయటికొచ్చి రెండు వేళ్లు తీసేశామని చెప్పాడు. ఇంకాస్త ఆలస్యమైతే మోకాలు, ఆపైన మనిషీ అన్నాడు. ఆమె తలూపింది. తను పదకొండింటికి గుమ్మం వైపు చూసి మళ్లీ సీసాల వైపు తిరగడం కళ్ల ముందు ఆడుతోంది.

శుక్రవారం వచ్చేసరికి గదికి తాళం. కొత్తది. కిటికీలోంచి చూస్తే పైకప్పు దాకా పెట్టెలు. ఆమె స్టూలు, పళ్లేలు, సీసాల పెట్టె వరండాలో ఒక కుప్ప. చుట్టూ తొమ్మండుగురు నిలబడి ఉన్నారు, ఎవరి కర్ర మీద వాళ్లు, దినం దగ్గర నిలబడ్డట్టు. సంఘపెద్ద తాళంచెవి వేలికి తగిలించుకుని గోడకానుకున్నాడు.

"నాకు చెప్పిన పని చేశానమ్మా. నన్నేమీ అనకండి."

"మిమ్మల్నెవరన్నారు?"

స్టూలు ఎత్తుకుంది. తిన్నగా ప్రార్థన హాల్లోకి వెళ్లింది. వెలుతురు బాగా పడే చోటు చూసుకుని, పటం కింద స్టూలు వేసి, రబ్బరు గుడ్డ ఒడిలో పరుచుకుంది.

"రండి. మడమ పుండావిడ ముందు."

"ఇది ఆరాధన చేసే చోటమ్మా!" సంఘపెద్ద పరుగున వచ్చాడు.

"అందుకే చెప్పులు బయట విడిచొచ్చాం. ఆ సీసాల పెట్టె ఇలా అందించండి, బరువుంటుంది, జాగ్రత్త."

ఏం చెయ్యాలో తోచక ఆయన అందించాడు. ఇద్దరికి కట్లు కట్టేసరికి తమ్ముడొచ్చాడు. ఆమె చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, లేచి, పటం మీద నక్షత్రం అంచుని గోటితో గీకడం మొదలుపెట్టింది.

"అక్కా, దాన్ని ముట్టుకోకు."

ఈసారి హద్దు మరిచిపోయింది ఆయన.

"ఈ ఇల్లు వినలేదురా. మనమే వినలేదు." నక్షత్రం ఊడొచ్చింది. ఆమె దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. "నీళ్లడిగాడు. నీళ్లడిగితే కాగితం చదివారు."

"పొరపాటే. ఒప్పుకుంటాను. టీచరు రాత్రంతా ఏడ్చింది. కానీ ఒక్క కాలి కోసం ఊరంతా ఆగాలా?"

"ఊరంతా కాళ్లేరా."

"నీకర్థం కావట్లేదు. నువ్వు ప్రభువుని ఆలస్యం చేస్తున్నావు!"

"నా గుప్పెడు దూదికి ఆగిపోయేటంత చిన్నవాడా ఆయన?" గొంతు తగ్గించింది, తొమ్మండుగురికీ వినపడకుండా. "నీకు ఎవర్ని చూడాలని ఇంత తొందరో నాకు తెలుసు. నాకూ నా మరదల్ని చూడాలనే ఉంది. కానీ దాని కోసం ఊరిని తొక్కుకుంటూ పోతానంటే ఒప్పుకోను."

ఆయన మొహం ఒక్క క్షణం చిన్నపిల్లాడిదైపోయింది. మరుక్షణమే గట్టిపడింది. నక్షత్రాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి సంఘపెద్ద చేత కబురొచ్చింది. ఆదివారం అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. లేకపోతే సంఘం పుస్తకంలోంచి పేరు తీసేస్తారు.

పేరు తీసేయడం చిన్న సంగతి కాదు. విడువబడడమంటే ఆమె చిన్నప్పటి నుంచీ ఊహించుకున్నది ఇంచుమించు అదే. ఖాళీ ఇల్లు, తనొక్కతే. శనివారమంతా ఆ పాత భయం వెంటే ఉంది. ఆసుపత్రిలో పంక్చర్ షాపాయన పక్కన కూర్చుని, బుధవారం తను ఎందుకు రాలేదో చెప్పి, తప్పయిపోయిందంది.

"సీసాలా?" అన్నాడాయన కప్పు వైపు చూస్తూ. "సర్లే. రెండు వేళ్లు తగ్గాయి కాబట్టి నీకు కట్టు కట్టే పనీ తగ్గింది."

నవ్వబోయాడు, కుదరలేదు. తల పక్కకి తిప్పుకున్నాడు. ఆమె లేవలేదు. అక్కడే కూర్చుంది.

ఆదివారం హాలు నిండిపోయింది. పాటలు, ప్రార్థన అయ్యాక సంఘపెద్ద ఆమె వైపు చూశాడు. నర్సమ్మ ముందుకు వచ్చి, మైకు పక్కకి జరిపి, మామూలు గొంతుతో మాట్లాడింది.

"నేను తప్పు చేశాను. బుధవారం ఆయన రాకపోతే వెళ్లి చూడలేదు. నా గది పోతోందని అలిగి సీసాలు సర్దుకుంటూ కూర్చున్నాను. ఆ క్షమాపణ నిన్న ఆయన్నే అడిగాను. ఇక్కడ అడగాల్సింది ఏమీ లేదు. రేపు పొద్దున మళ్లీ ఈ హాల్లోనే కూర్చుంటాను. తాళం వేస్తే మెట్ల మీద కూర్చుంటాను. పేరు తీసేస్తే తీసెయ్యండి. ఈ ఊళ్లో పుళ్లు నా పేరు చూసి రావు."

సంఘపెద్ద పుస్తకం తెరిచాడు. పేజీలు తిప్పుతున్నాడు.

వెనక వరసలోంచి టీచరు లేచింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మైకు దగ్గరికి కాదు, పటం దగ్గరికి వెళ్లింది. మూడో సందు మొదటి గడి మీద, ఆకుపచ్చ బొట్టు మీద, వేలు పెట్టింది.

"అయ్యగారూ, నేను సాక్ష్యం చెప్పాలి. ఇక్కడ ఒక ముసలామె ఉంది. మంచం దిగలేదు. వీపు కింద పక్క తడిసిపోయి ఉంది. వాసన ఎక్కువగా ఉంటే నేను కిటికీ దగ్గర నిలబడి చదివాను."

వేలు పక్క గడి మీదకి జరిగింది.

"ఇక్కడ బాలింత. రొమ్ము గడ్డకట్టిందట, పాప ఏడుస్తూనే ఉంది. ఏడుపు ఆగేదాకా చూసి చదివాను. ఇక్కడ ఒకాయన దగ్గుతున్నాడు. గుడ్డలో నెత్తురు చూశాను. చూసి కూడా చదివాను. ఇక్కడ..."

వేలు ఇంకో గడి మీదకి జరిగింది. ఆగలేదు. ఆ పిల్ల అన్నీ చూసింది. గడిలో రాయడానికి చోటు లేక మనసులో పెట్టుకుని తిరిగింది. ఒక్కొక్క ఇల్లూ అప్పజెప్తోంది, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు. ఐదో ఇంటి దగ్గర ఆమె తడబడితే, మగవాళ్ల వరసలోంచి ఒకతను లేచాడు. "అది నేను వెళ్లిన ఇల్లు. అక్కడ ఒకడు చూపు పోయి గోడలు పట్టుకుని నడుస్తున్నాడు." ఇంకొకావిడ లేచింది. ఇంకొకరు. ఎవరూ అరవడం లేదు. బుధవారం సాక్ష్యం చెప్పుకున్న గొంతులే, కానీ ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

తమ్ముడు పటానికి ఒక పక్కన నిలబడే ఉన్నాడు. సాక్ష్యాన్ని ఎవరూ ఆపకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. కాసేపటికి మొదటి బెంచీ మీద కూర్చుండిపోయాడు.

నర్సమ్మ దగ్గర కాగితం లేదు. బల్ల మీద ఉన్న కరపత్రాల కట్ట విప్పి, తెల్లగా ఉన్న వెనక వైపు రాసుకోవడం మొదలుపెట్టింది. ముసలామె. వీపు కింద పుండు. మూడో సందు, మొదటి ఇల్లు. కాగితం నిండితే ఇంకోటి. సంఘపెద్ద పుస్తకం తెరిచే ఉంది, వేలు ఆమె పేరు మీదే ఉంది, కానీ ఆయన చూస్తున్నది పటం వైపు.

పదకొండు కాగితాలు నిండాక మడిచి సంచీలో పెట్టుకుంది. సెలైన్ సీసాలు రెండు, దూది, కత్తెర వేసుకుంది. "ముసలామె దగ్గరికి ముందు," అంది టీచరుతో. "ఆమెని పక్కకి తిప్పాలి, ఇద్దరం కావాలి. నువ్వు రా." కూటం ఇంకా ముగియలేదు. ముగింపు ప్రార్థన కాలేదు. ఇద్దరూ బెంచీల మధ్య నుంచి నడుస్తుంటే జనం కాళ్లు పక్కకి తీసి దారిచ్చారు.

గుమ్మం దగ్గర తమ్ముడు వెనకే వచ్చి కలిశాడు.

"ఇన్ని ఇళ్లు తిరగాలంటే ఏళ్లు పడుతుందక్కా."

"పడనీ."

"ఈలోగా ప్రభువు వచ్చేస్తే?"

నర్సమ్మ వంగి చెప్పులు తొడుక్కుంది. సంచీ భుజానికెత్తుకుంది.

"మూడో సందులో ఉన్నానని చెప్పు. పని చివర్లో ఉంటే, కాసేపు కూర్చోమను."